ముందు వెలుగు, తర్వాతే లెన్సు

ఆషాఢం వచ్చేసింది. ముహూర్తాలు లేవు. పామర్రులోనో గుడివాడలోనో బందరులోనో మీకో ఫోటో స్టూడియో ఉందనుకోండి, మళ్లీ శ్రావణం వచ్చేదాకా పెళ్లిళ్ల కెమెరాకు పని లేదు. స్టూడియో లేకపోయినా, చదువుకునే రోజుల్లో ఇంట్లో పోరుపెట్టి కొనిపించుకున్న కెమెరా ఒకటి బీరువాలో ఉండొచ్చు. ఎప్పుడో ఫోన్లో ఒక సాలీడు ఫోటో చూశారు. ముఖం నిండా కళ్లు, ఒళ్లంతా నూగు, కంట్లో మెరుపు. "ఇలాంటిది నేనూ తీస్తేనా!" అనిపించింది. వెంటనే మాక్రో లెన్సు ధర వెతికారు. ధర చూసి ఫోను బోర్లా పెట్టేశారు. ఇంతేనా జరిగింది?

అయితే మీరు ఆగకూడని చోట ఆగారు. పురుగుల ఫోటోల్లో డబ్బు ఖర్చయ్యేది లెన్సు దగ్గర. ఫోటో బాగుపడేది ఫ్లాష్ దగ్గర. ఖరీదైన లెన్సు పెట్టి ఫ్లాష్‌ని ఉన్నదున్నట్టు కొట్టి చూడండి, అక్షింతల పురుగు వీపు మీద ఒక తెల్లటి మచ్చ, దాని చుట్టూ నల్లటి నీడ తప్ప ఏమీ మిగలదు. పాత 50 ఎంఎం లెన్సునే తిరగేసి బిగించి, ఫ్లాష్ ముందు ఇంట్లో చేసుకున్న డిఫ్యూజర్ కట్టి తీస్తే అదే పురుగు ఎరుపూ చుక్కలూ ఎంత బాగుంటాయో మీకే తెలుస్తుంది. అందుకే ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం వెలుగు గురించే మాట్లాడుకుందాం.

ఇంకో సంగతి గమనించారా? మన డెల్టాలో పెళ్లిళ్ల సీజనూ పురుగుల సీజనూ ఒకదానికొకటి అడ్డు రావు. ఆషాఢంలో కాలువలకు నీళ్లొస్తాయి, నారుమళ్లు పచ్చబడతాయి. భాద్రపదానికి వరి పిలకలు వేసి గుబురు కడుతుంది, దుబ్బుల మధ్య సాలీళ్లు సంసారాలు పెడతాయి. పుష్యానికి కోతలైన మాగాణుల్లో మినుము పూతకొస్తుంటుంది, తెల్లారి మంచు ఆకు ఆకుకీ అంటుకుని ఉంటుంది. ముహూర్తాలు లేని ఈ శూన్యమాసాలన్నీ మీవే. ఫోటోగ్రాఫర్‌కి పంచాంగం ఇంతకంటే ఏం మేలు చేయాలి?

1. లెన్సు సంగతి ఒక్క పూటలో తేల్చేయండి

పురుగు అసలు సైజు ఎంతో, సెన్సరు మీద పడే బొమ్మ కూడా అంతే ఉంటే దాన్ని ఒకటికి ఒకటి అంటాం. మొదలుపెట్టడానికి అది చాలు. అక్కడికి చేరడానికి చవక దారులు మూడున్నాయి.

మొదటిది ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. వాటిలో అద్దాలుండవు, ఉత్త గొట్టాలే. సాధారణంగా 12, 20, 36 మిల్లీమీటర్ల ట్యూబులు మూడు కలిపి అమ్ముతారు. మూడూ కలిపి 50 ఎంఎం లెన్సు వెనక పెడితే ఒకటికి ఒకటి దాటి పోతారు. కొనేటప్పుడు లెన్సుకూ బాడీకీ మధ్య కరెంటు పిన్నులు ఉన్నవే తీసుకోండి. లేకపోతే ఎపర్చర్ మార్చలేక అవస్థ పడతారు.

రెండోది రివర్స్ రింగు. లెన్సుని వెనక్కి తిప్పి బిగించడమే. 50 ఎంఎం తిరగేస్తే ఇంచుమించు ఒకటికి ఒకటి, 28 ఎంఎం తిరగేస్తే సుమారు రెండింతలు వస్తాయి. కిట్ లెన్సుని 18 దగ్గర పెట్టి తిరగేస్తే మూడింతలు దాటుతుంది. ఇక్కడ లెక్క తలకిందులు, వైడ్‌కి వెళ్లిన కొద్దీ పురుగు పెద్దదవుతుంది. ఎపర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్సు దొరికితే దీనికి అంతకు మించింది లేదు. బందరులోనో బెజవాడలోనో ఏ పాత స్టూడియో అలమారలోనైనా ఫిల్ము కాలం నాటి 50 ఎంఎం ఒకటి దుమ్ము పట్టి ఉంటుంది, అడిగి చూడండి.

మూడోది రేనాక్స్ డీసీఆర్-250 లాంటి క్లిప్ లెన్సు. ఉన్న జూమ్ లెన్సు ముందు తగిలించుకోవడమే. పై రెండిటికన్నా ఖరీదు ఎక్కువ, తిప్పలు తక్కువ.

మీ దగ్గర ఉన్నది ఫోను మాత్రమేనా? క్లిప్ లెన్సు పెట్టుకుని నీడపట్టున తీయండి. ఇక్కడ వెలుగు గురించి చెప్పేదంతా మీకూ వర్తిస్తుంది.

2. ఫ్లాష్ ఎందుకో మీ చేత్తో మీరే తేల్చుకోండి

"పట్టపగలు ఎండ ఉండగా ఫ్లాష్ దేనికండీ?" అని మీకు అనుమానం రావాలి. రాకపోతేనే ఆశ్చర్యం.

ఒక బియ్యపు గింజని నల్ల గుడ్డ మీద పెట్టి, ఒకటికి ఒకటి సైజులో, ఎఫ్/4లో తీయండి. గింజలో ఒక పలచటి గీత తప్ప మిగతాదంతా అలుక్కుపోతుంది. ఎఫ్/11కి వెళ్లండి. ఇప్పుడు కూడా స్పష్టంగా కనపడే మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, అంతే. పురుగు కళ్లూ ముఖమూ స్పష్టంగా రావాలంటే మరి ఎఫ్/11 దాకా మూయక తప్పదు కదా? పైగా లెన్సు దగ్గరకు వెళ్లిన కొద్దీ వెలుగు తగ్గిపోతుంది. ఒకటికి ఒకటి దగ్గర మీరు పెట్టిన ఎఫ్/11 వెలుగు లెక్కలో ఎఫ్/22తో సమానం. ఇక షట్టర్ ఎంతకు దిగాలి? ఈలోపు ఆకు ఊగుతుంది, మీ చెయ్యి ఊగుతుంది, పురుగు మీసం ఊగుతుంది. దివిసీమ వైపు సముద్రపు గాలి పొద్దెక్కాక ఎలా ఉంటుందో నాగాయలంక వెళ్లొచ్చిన వాళ్లకు తెలుసు.

ఈ చిక్కులన్నీ ఫ్లాష్‌తో తీరతాయి. తక్కువ పవర్‌లో మామూలు స్పీడ్‌లైటు వెలిగి ఆరేది సెకనులో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు కాలంలో. ఆ కాస్త వ్యవధిలో మీసం కూడా కదలదు.

పెళ్లి ఫోటోగ్రాఫర్లకు ఒక అలవాటు ఉంటుంది, మసక వెలుతురులో ఫ్లాష్ అంటే ఫుల్ పవరే అనుకుంటారు. కల్యాణమండపంలో అది సరిపోవచ్చు. ఇక్కడ ఫ్లాష్ పురుగుకి జానెడు దూరంలో ఉంటుంది. దూరం సగానికి తగ్గిస్తే వెలుగు నాలుగింతలవుతుంది. కాబట్టి 1/16 దగ్గర మొదలుపెట్టండి. బ్యాటరీలు పూటంతా వస్తాయి, ఫ్లాష్ వెంటవెంటనే రెడీ అవుతుంది, కదలికా ఆగుతుంది.

3. డిఫ్యూజర్ మీరే తయారు చేసుకోండి

ఈ అధ్యాయంలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే, ఇదే చదవండి.

మిట్టమధ్యాహ్నం ఎండలో ముఖం మీద నీడలు ఎంత కరుగ్గా పడతాయి? మబ్బు పట్టిన రోజున అదే ముఖం ఎంత మెత్తగా ఉంటుంది? ఎండలో వెలుగు చిన్న బింబం నుంచి వస్తోంది, మబ్బు రోజున ఆకాశమంతటి నుంచీ వస్తోంది. పురుగు వైపు నుంచి చూసినప్పుడు మీ వెలుగు ఎంత పెద్దదిగా కనపడితే ఫోటో అంత మెత్తగా వస్తుంది. మెత్తదనానికి మూలం పవర్ తగ్గించడం కాదు, వెలుగు వెడల్పూ దగ్గరితనమూ. పెళ్లిళ్లలో ఫ్లాష్‌ని సీలింగుకి కొట్టి ఈ పనే చేస్తుంటారు. పొలం గట్టు మీద సీలింగు ఎక్కడిది? అందుకే మనతో తీసుకెళ్లాలి.

కావలసినవి: కేకు పెట్టె అట్ట, వంటింట్లో వాడే అల్యూమినియం రేకు, టీవీ పెట్టెలో తెరకు చుట్టి వచ్చే పలచటి తెల్ల ఫోమ్, ట్రేసింగ్ పేపరు, నల్ల టేపు, రబ్బరు బ్యాండ్లు.

అట్టను గరాటులా మడవండి. సన్నటి వైపు ఫ్లాష్ తలకు బిగుతుగా పట్టాలి. వెడల్పాటి వైపు జానెడు ఉండి, లెన్సు కొస దాటి కాస్త ముందుకు, కిందికి వంగాలి. లోపలంతా రేకు అంటించండి. మూతికి మొదట ట్రేసింగ్ పేపరు, దానికి రెండు వేళ్ల ఎడంలో ఫోమ్ కట్టండి. ఆ ఎడం ముఖ్యం. రెండు పొరలూ ఒకదానికొకటి అంటుకుని ఉంటే మధ్యలో వెలుగు కుప్పపడిపోతుంది. ఎడం ఉంటే మొదటి పొర దాటిన వెలుగు విచ్చుకుని రెండో పొర అంతటా పరుచుకుంటుంది.

చాలామంది చేసే పొరపాటు, ఫ్లాష్ తలకు చిన్న తెల్ల ప్లాస్టిక్ టోపీ తగిలించి డిఫ్యూజర్ పెట్టేశాం అనుకోవడం. ఆ టోపీ ఫ్లాష్ తల అంతే ఉంటుంది. వెలుగు వెడల్పు పెరగనప్పుడు తెల్లటి ప్లాస్టిక్ తగిలించి ఏం లాభం?

మీ డిఫ్యూజర్ పనికొస్తుందో లేదో తేల్చడానికి పురుగు దాకా వెళ్లక్కర్లేదు. స్టీలు గరిటె తీసుకోండి. దాని వెనక వైపు, ఉబ్బుగా ఉండే చోట, లెన్సు పెట్టి తీయండి. అందులో మీ డిఫ్యూజర్ అచ్చంగా కనపడుతుంది. అంతటా సమానంగా తెల్లగా ఉందా? పాసయ్యారు. మధ్యలో మండుతున్న చుక్క ఉందా? ఇంకో పొర వేయండి, లేదా పొరల మధ్య ఎడం పెంచండి. అక్షింతల పురుగు వీపు, కందిరీగ నడుము, చీమ తల ఆ గరిటె లాంటివే. గరిటె మీద ఎలా కనపడితే వాటి మీదా అలాగే కనపడుతుంది.

4. ఈ సెట్టింగులు పెట్టి వదిలేయండి

మోడ్ మాన్యువల్. షట్టర్ 1/200. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య. ఐఎస్‌వో 200. ఫ్లాష్ కూడా మాన్యువల్‌లోనే, 1/16. రా ఫార్మాట్.

ఇప్పుడు నీడపట్టున ఫ్లాష్ ఆపి ఒక ఫోటో తీయండి. తెర నల్లగా రావాలి. వస్తే బయటి వెలుతురు ఫోటోలో పడట్లేదని, ఫోటో మొత్తం ఫ్లాషే తీస్తోందని అర్థం. ఫ్లాష్ వేసి మళ్లీ తీయండి. మరీ తెల్లగా ఉంటే ఫ్లాష్ తగ్గించండి, చీకటిగా ఉంటే పెంచండి. మిగతావి ముట్టుకోవద్దు. తిప్పే మీట ఒక్కటే అయితే నేర్చుకోవడం తేలిక.

"ఎఫ్/22 పెడితే ఇంకా ఎక్కువ భాగం ఫోకస్‌లోకి వస్తుందిగా?" అని అడుగుతారు చాలామంది. ఫోకస్‌లోకి వస్తుంది. కానీ మొత్తం ఫోటో మసకబారుతుంది. అంత చిన్న కంతలోంచి దూరేటప్పుడు వెలుగు చెదిరిపోతుంది. దగ్గరి ఫోటోల్లో ఎఫ్/11 దాటకపోవడమే మంచిది.

5. ఫోకస్ రింగు వదిలేసి మీరు కదలండి

ఆటోఫోకస్ ఆపేయండి. ఇంత దగ్గరలో అది ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది, ఈలోగా తూనీగ వెళ్లిపోతుంది. ఎంత సైజు కావాలో ముందే నిర్ణయించుకుని రింగుని అక్కడ ఉంచండి. తర్వాత మీరే, కెమెరాతో సహా, వెంట్రుకవాసి ముందుకు జరగండి. కళ్లు స్పష్టంగా కనపడిన క్షణంలో నొక్కండి.

చెయ్యి ఆడుతోందా? పురుగు ఉన్న కాడను ఎడమ చేతి రెండు వేళ్లతో పట్టుకుని, అదే మణికట్టు మీద లెన్సు ఆనించండి. ఇప్పుడు గాలికి కాడ ఊగినా మీ చెయ్యీ లెన్సూ దానితోపాటే కదులుతాయి, దూరం మారదు. ట్రైపాడ్ మోసుకెళ్లే పని తప్పుతుంది. అయితే కాడ పట్టుకునే ముందు దాని కింద ఏముందో చూడండి, కందిరీగల గూడు ఉండొచ్చు.

ఫోటో తీయాల్సింది కళ్ల ఎత్తు నుంచే. నిలబడి పైనుంచి తీస్తే ఏ పురుగైనా నేల మీది చెత్తలానే ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చోండి, అవసరమైతే గట్టు మీద బోర్లా పడుకోండి. చూసేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

6. మొదటి మోడల్ మీ ఇంటి గోడ మీదే ఉంది

పల్చటి బూడిద రంగులో, వేలి గోరంత సాలీడు ఒకటి గోడ మీద తిరుగుతూ ఉంటుంది చూశారా? గూడు అల్లదు, ఈగను చూసి పొంచి దూకుతుంది. గెంతే సాలీళ్ల కుటుంబం దానిది. ఎనిమిది కళ్లలో ముందున్న రెండూ పెద్దవి, వాటితోనే చూసి వేటాడుతుంది. మీరు దగ్గరికి వెళితే మిగతా సాలీళ్లలా పారిపోకుండా తిరిగి మిమ్మల్నే చూస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే ఓపికైన మోడల్ దొరకదు. ఒక్కోసారి లెన్సు మీదికి దూకుతుంది కూడా. కంగారు పడి కెమెరా కింద పడేయకండి, అది కరవడానికి రావట్లేదు.

ఇంట్లో చెయ్యి కుదిరాక మామిడి చెట్టు దగ్గరికి వెళ్లండి. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు అచ్చు గరిటె పరీక్షే, డిఫ్యూజర్‌లో లోపం ఉంటే వెంటనే బయటపెడతాయి. చీమ ఆగదు కదా అంటారా? ఆకు మీద పంచదార నీళ్ల చుక్క పెట్టండి, తాగేంతసేపూ ఆగుతుంది. ఆ చీమల బారులో ఒకటి కొంచెం తేడాగా నడుస్తుంటే ఆగి కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే అది చీమ కాదు, చీమ వేషం వేసుకున్న సాలీడు. ముందు కాళ్లు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తూ మోసం చేస్తుంది. ఎర్రచీమలున్న తోటల్లో వెతికితే దొరుకుతుంది.

గొల్లభామ దొరికితే దాని కంట్లో నల్లచుక్కను గమనించండి. మీరు ఏ పక్కకు జరిగినా అటే తిరిగి చూస్తున్నట్టుంటుంది. నిజానికి అది కనుపాప కాదు, మీకు ఎదురుగా ఉన్న కంటి గొట్టాలు వెలుగును మింగేయడం వల్ల కనిపించే నలుపు. అయినా ఫోటోలో మాత్రం మిమ్మల్నే చూస్తున్నట్టుండి ప్రాణం పోస్తుంది, వాడుకోండి.

తొలకరిలో ఆరుద్ర పురుగు కనిపిస్తే ఫ్లాష్‌ని కాస్త పక్కకు జరపండి. మెరిసే పురుగులకు వెడల్పు వెలుగు కావాలి. దీని ఒంటి లాంటి ముఖమల్‌కి పక్క వెలుగు కావాలి, అప్పుడే నూగు కనపడుతుంది. దానికీ కాళ్లు ఎనిమిదే, పురుగని పిలుస్తాం గానీ నల్లి జాతిది.

7. పొలం వెళ్లే వేళ తెలుసుకోండి

మధ్యాహ్నం రెండింటికి వెళ్లి "ఒక్కటీ ఆగట్లేదండీ" అని వాపోతే ఎలా? ఎండకు ఒళ్లు కాగాక పురుగు మీ చేతికి చిక్కదు. పుష్యంలో తెల్లారి, మంచు కరగక ముందు వెళ్లండి. మినుము చేలో తూనీగలు ఒళ్లంతా నీటి బొట్లతో కాడలకు అతుక్కుని ఉంటాయి. రెక్కలు ఆరేదాకా ఎగరలేవు. ఎండ పొడ పడ్డాక ఎక్కువసేపు ఆగవు, అప్పటికి మీ పని అయిపోవాలి.

భాద్రపదంలో వరి దుబ్బుల మొదళ్లు చూడండి. నీటికి కాస్త పైన సుడిదోమ గుంపుగా ఉంటే, దాన్ని తినడానికి నేలమీద పరుగెత్తే సాలీళ్లు అక్కడే తిరుగుతుంటాయి. ఆకుల కొసల్లో కాళ్లు బారుగా చాచుకుని పుల్లలా పడుకునే పొడుగు దవడల సాలీడు ఉంటుంది. వ్యవసాయ శాఖ వాళ్లు రైతు మిత్రులని బొమ్మలు వేసి చూపించే వాటిలో ఇవీ ఉంటాయి. వేట నోట్లో ఉన్నప్పుడు సాలీడు కదలదు, మీకు నిమిషాల కొద్దీ టైము దొరుకుతుంది.

రాత్రి కూడా వెళ్లొచ్చు. నుదుటి మీద హెడ్‌ల్యాంపు పెట్టుకుని గడ్డి మీదికి చూడండి, మంచు బొట్లలా పచ్చగా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి నేల సాలీళ్ల కళ్లు. లైటు చేతిలో పట్టుకుంటే ఆ మెరుపు సరిగ్గా కనపడదు, మీ కంటి దగ్గరే ఉండాలి.

రాత్రి ఫోటోల్లో వెనక నలుపు సహజం. పగటి ఫోటోలోనూ వెనకంతా నల్లగా వస్తే మాత్రం బాగోదు. ఫ్లాష్ వెలుగు పురుగు దాకా వచ్చి ఆగిపోవడం వల్ల వచ్చే నలుపు అది. పురుగు వెనక రెండు మూడు అంగుళాల్లో ఒక పచ్చటి ఆకు ఉండేలా కోణం మార్చుకోండి, లేదా ఐఎస్‌వో 800కి పెంచి, షట్టర్ 1/60కి దించి, ఫ్లాష్ తగ్గించండి. గాలి లేనప్పుడే రెండోది కుదురుతుంది. నన్నడిగితే ఆకు పద్ధతే నయం.

8. గట్టు మీద మర్యాద, జాగ్రత్త

కెమెరా పట్టుకుని ఎవరి చేలోనైనా వంగితే ఏమవుతుందో ఊహించండి.

"ఎవరండీ? సర్వేకొచ్చారా?"

"లేదు బాబాయ్, పురుగుల ఫోటోలు తీసుకుంటున్నా."

"మా చేలో పురుగెక్కడిదయ్యా! నిన్న సాయంత్రమేగా మందు కొట్టించాం."

ఈ మూడో మాట వినగానే కెమెరా సర్దుకుని బయటికి నడవండి. మందు కొట్టిన చేలో మోకాళ్ల మీద కూర్చోవడం మీ ఒంటికి మంచిది కాదు, అక్కడ తీయడానికి బతికున్నవీ పెద్దగా ఉండవు. అందుకే దిగబోయే ముందే అడగండి. అడిగి దిగి, తీసిన ఫోటో ఆ రైతుకి తెర మీద పెద్దది చేసి చూపించండి. సుడిదోమని సాలీడు పట్టుకున్న ఫోటో చూపిస్తే ఆయనే పక్క చేనుకి కూడా తీసుకెళ్తాడు. పైగా కంపునల్లి, పచ్చదోమ, తెల్లదోమ ఎప్పుడు ఎక్కడ చేరతాయో ఆయనకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు.

పాముల మాట తేలిగ్గా తీసుకోవద్దు. 2018లో దివిసీమలో పాముకాట్లు ఎక్కువై జనం బెంబేలెత్తారు. ఆ ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడిలో సర్ప శాంతి యాగం కూడా చేయించారు. కళ్లు వ్యూఫైండర్‌లో ఉన్నప్పుడు కాళ్ల దగ్గర ఏముందో మీకు కనపడదు. మోకాళ్ల దాకా గమ్ బూట్లు, చేతిలో కర్ర, పక్కన ఒక మనిషి లేకుండా రాత్రి గట్లెక్కకండి. కాటు పడితే మంత్రం దగ్గర టైము పోగొట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

నాగాయలంక, కోడూరు వైపు మడ అడవుల్లోకి వెళ్లాలనిపిస్తుంది. అక్కడ చాలా భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి తీసుకుని వెళ్లండి.

మరొక్క విషయం, ఇందులో నాకు రాజీ లేదు. పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసేవాళ్లున్నారు, జిగురుతో అంటించి తీసేవాళ్లూ ఉన్నారు. అలాంటి ఫోటో తెలిసినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది, కాళ్లు ఆనాల్సిన చోట ఆనవు. ఆ దారి పట్టకండి.

9. తేమ నుంచి కాపాడుకోండి

డెల్టాలో లెన్సుకి మొదటి శత్రువు గాలిలో తేమ. అద్దం లోపల బూజు పడితే తీయించడం కష్టం. తోలు బ్యాగులో నెలల తరబడి దాచకండి. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అందులో పెట్టండి. సముద్రం వైపు వెళ్లొస్తే కొద్దిగా తడిచేసిన గుడ్డతో బాడీ తుడవండి, ఉప్పు ఆరిపోయాక వదలదు. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. పావుగంట బ్యాగులోనే ఉంచి తర్వాత తీయండి.

10. ఫోటో కింద ఊరు, తేదీ రాయండి

గుత్తి సాలీడు కథ తెలుసా? ఒళ్లంతా నీలం రంగుండే ఆ సాలీడుకి 1899లో పొకాక్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. దొరికింది గుత్తిలో, రైల్వే కలప యార్డులో. ఆ తర్వాత నూరేళ్లకు పైగా అడవిలో అది ఎవరికీ కనపడలేదు. 2001లో దొరికింది మాత్రం నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, గుత్తికి చాలా దూరంలో. మొదటిది కలపతోపాటు రైల్లో గుత్తి చేరి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. అది ఏ అడవి చెట్టు మీద నుంచి వచ్చిందో అప్పట్లో ఎవరైనా ఒక్క ముక్క రాసిపెట్టి ఉంటే?

కాబట్టి తీసిన ప్రతి ఫోటోకీ ఊరు, తేదీ, ఏ మొక్క మీద దొరికిందో రాసుకోండి. ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్‌లో పెడితే పురుగు పేరు చెప్పేవాళ్లు దేశం నలుమూలలా ఉన్నారు. పేరు మీకు తెలియకపోయినా నష్టం లేదు, తెలిసినవాళ్లు ఇవాళ కాకపోతే రేపు చెబుతారు. ఏ చేలో, ఏ రోజున దొరికిందో మాత్రం మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. రాయండి.